అక్క కొత్తింట్లో లినక్స్ మేళా

ఆమె అసలు పేరు ఆ బృందంలో సగం మందికి తెలియదు. అందరూ ఉడుత అనే అంటారు. నాలుగేళ్ళ కిందట వాళ్ళ చర్చావేదికలో మొట్టమొదటిసారి రాసినప్పుడు, "నాకు ప్రోగ్రాములు రాయడం రాదు, ఉడుతాభక్తిగా ఏదైనా పని చెబితే చేస్తాను" అంది. ఆ మాట బృందాన్ని నడిపే పెద్దాయనకు ఎంత నచ్చిందంటే, మర్నాటి నుంచి ప్రతి చర్చలోనూ "మరి మన ఉడుత ఏమంటుంది?" అని అడగడం మొదలుపెట్టాడు. పేరు అతుక్కుపోయింది.

పగలు ఆమె ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. మోకాలి ఆపరేషనయిన వాళ్ళను నడిపించడం, భుజం పట్టేసిన వాళ్ళ చేత చేతులెత్తించడం, మధ్యమధ్య వాళ్ళ చేత తిట్లు తినడం ఆమె ఉద్యోగం. ఇంట్లో ఏడేళ్ళ కూతురు, అంబులెన్సు నడిపే భర్త. ఆయన ఎప్పుడు ఇంట్లో ఉంటాడన్నది ఊళ్ళో జనం ఆరోగ్యాన్ని బట్టి ఉంటుంది. ఈ రెంటి మధ్యా ఎక్కడ సందు దొరికితే అక్కడ లినక్స్ వచ్చి కూర్చుంది.

అది ఆమె జీవితంలోకి ఒక ముసలి లాప్‌టాప్ వల్ల వచ్చింది. స్విచ్చి నొక్కి, స్నానం చేసి వచ్చినా అది ఇంకా తెరుచుకుంటూనే ఉండేది. దుకాణంలో చూపిస్తే "పారేసి కొత్తది కొనండి" అన్నారు. పారేయడానికి మనసొప్పక వెతికితే, పాత కంప్యూటర్ల కోసం లినక్స్‌ను తేలిగ్గా తయారుచేసి ఊరికే పంచిపెట్టే బృందమొకటి కనిపించింది. కంప్యూటరును నడిపించే మూల సాఫ్ట్‌వేరు అది. ఎవరైనా తీసుకోవచ్చు, విప్పి చూడొచ్చు, బాగుచేసి పదిమందికీ ఇవ్వొచ్చు. ఆమె భయపడుతూ ఒక ప్రశ్న రాసింది. ముక్కూ మొహం తెలియని మనిషి ఒకాయన ఆ సాయంత్రమంతా ఓపిగ్గా, ఇది నొక్కమ్మా, ఇప్పుడేం కనిపిస్తోంది, కంగారు లేదు, అంటూ జవాబులు రాస్తూ కూర్చున్నాడు. లాప్‌టాప్ బతికింది. ఆమె వెయ్యి దండాలు పెడితే ఆయన, "నాకెందుకమ్మా? రేపు ఇంకొకరు అడిగితే నువ్వు చెప్పు, సరిపోతుంది" అన్నాడు. ఆయనే పెద్దాయన. వేరే ఊళ్ళో ఉంటాడు. ఈ నాలుగేళ్ళలో ఆయన్ని ఆమె ఒక్కసారీ చూడలేదు.

మొదట్లో ఆమెకిచ్చిన పని చిన్నది. కంప్యూటరు తెర మీద కనిపించే మాటల్ని తెలుగులోకి మార్చడం. అంతకు ముందు ఆ పని గడ్డం అనే ఆయన చేసేవాడు. గడ్డం అంటే కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే మాస్టారు. బొడ్డు దాకా గడ్డం, గొంతు దాకా గ్రాంథికం. ఏదైనా ప్రోగ్రాము మొరాయిస్తే దాన్ని ఆపమంటారా అని కంప్యూటరు అడగాలి. గడ్డం దాన్ని "ఈ ప్రక్రియను వధింతురా?" అని రాసిపెట్టాడు. ఉడుత దాన్ని "ఈ పనిని ఆపేయమంటారా?" అని మార్చింది. ఆ ఒక్క ముక్క మీద వారం రోజులు వాదన జరిగింది. చివరికి గడ్డమే "మీ మాటే నడవనీయండి, కానీ నా వాక్యంలో ఒక గాంభీర్యం ఉంది" అని రాసి ఊరుకున్నాడు. అప్పటి నుంచీ ఇద్దరూ మంచి స్నేహితులు.

ఉడుతకు ఒక్కటే జబ్బు. కాదనలేదు. ఎవరేమడిగినా నోట్లోంచి "సరే" అన్న మాట ఆమె కన్నా ముందు బయటికి వచ్చేసేది. వైఫై కుదరని వాళ్ళకు సమాధానాలు చెప్తావా? సరే. కొత్తగా చేరిన వాళ్ళను కాస్త చూసుకుంటావా? సరే. గడ్డం తెలుగులోకి మార్చిన వాక్యాలన్నీ ఒకసారి చదివి పెడతావా? సరే. బస్సులో నిలబడి వైఫై గురించి రాసేది, పప్పు ఉడికేలోగా కొత్తవాళ్ళను పలకరించేది. చదివి పెడతానన్న వాక్యాలను మాత్రం చాలాసార్లు చదవకుండానే "బాగుంది" అని పంపేసేది. ఎన్ని కళ్ళని ఉంటాయి మనిషికి?

ఆ వసంతంలో బృందం ఒక మేళా పెట్టాలనుకుంది. ఎవరి పాత కంప్యూటరు వాళ్ళు తెచ్చుకుంటే, వాలంటీర్లు కూర్చుని వాటిలో లినక్స్ వేసిస్తారు. ఉడుత ఉండే ఊళ్ళోని గ్రంథాలయం హాలు ఊరికే దొరికింది. "ఊళ్ళో ఉన్నది నువ్వే కదమ్మా, ఏర్పాట్లు చూస్తావా?" అని పెద్దాయన అడిగాడు. సరే అంది. శనివారం మధ్యాహ్నం అనుకున్నారు.

మర్నాడు అక్క ఫోను చేసింది. "ఏమే, శనివారం ఇల్లు మారుతున్నాం. నువ్వు లేకపోతే నా సామాను గడప దాటదు."

"సరే అక్కా."

ఆ సాయంత్రమే ఆసుపత్రిలో తనతో పనిచేసే ఒకావిడ వచ్చి బతిమాలుకుంది. "శనివారం పొద్దుటి డ్యూటీ నాది కాస్త చూస్తావా? నీ రుణం ఉంచుకోను."

"సరే" అంది ఉడుత. అన్నాక నాలుక కరుచుకుంది.

భర్త విని పకపకా నవ్వాడు. "రెండు పడవల మీద కాళ్ళు పెట్టే వాళ్ళని చూశాను. మూడు పడవలకి నీ దగ్గర కాళ్ళెన్నున్నాయి?"

"మూడో దాన్ని చేత్తో పట్టుకుంటా. నువ్వుండి సాయం చేయొచ్చుగా?"

"నాకా రోజు డ్యూటీ. మునిగితే మాత్రం ఫోను చెయ్యి, అంబులెన్సుతో వచ్చేస్తా."

అక్కతో మేళా మాట ఎత్తలేదు. మధ్యాహ్నం తర్వాత కొంచెం పనుంది, తొందరగా వెళ్ళిపోవాలి అని మాత్రం చెప్పింది. అక్క రైల్వే స్టేషనులో టికెట్ కౌంటర్లకు సూపర్‌వైజరు. చెల్లెలి లినక్స్ సేవ గురించి ఆమెకు స్థిరమైన అభిప్రాయం ఉంది. "జీతం లేదు, సెలవు లేదు, పైగా అర్జెంటు! ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదే."

శనివారం పొద్దుట కూతుర్ని స్నేహితురాలింట్లో దింపి, ఆసుపత్రి పని ముగించుకుని, ఉడుత పరుగున అక్క పాతింటికి చేరింది. అట్టపెట్టెలు గోడల వెంట కప్పు దాకా ఉన్నాయి. లారీ లేదు. బావ ఒక పెట్టె మీద కూర్చుని అరటిపండు తింటున్నాడు. బావది పళ్ళ డాక్టరు ఉద్యోగం. రోజంతా నోళ్ళు తెరిచిన మనుషులతో తనొక్కడే మాట్లాడీ మాట్లాడీ ఆయనకు వాగుడు అలవాటయింది.

"లారీ దారిలో ఉందట. ఏ దారిలో ఉందో మాత్రం చెప్పడం లేదు" అన్నాడు.

అక్క అప్పటికే గాజు సామాను తీసుకుని, తాళంచెవులతో కొత్తింటికి వెళ్ళిపోయింది. లారీ వచ్చేసరికి మధ్యాహ్నమయింది. నలుగురు కూలీలు రావలసింది ఇద్దరే దిగారు. మిగిలిన ఇద్దరిలో ఒకడికి జ్వరం, ఇంకొకడు ఆ మొదటివాణ్ణి చూసుకుంటున్నాడట.

ఉడుత గడియారం చూసుకుంటూ, బీరువా అద్దాన్ని రెండు చేతులా పట్టుకుని వాకిట్లోకి నడుస్తుండగా లోపల ఫోను మోగింది.

"బావా, నా ఫోను! కాస్త ఎవరో చూడు, నా చేతులు ఖాళీ లేవు!"

బావ ఫోను తీశాడు. గ్రంథాలయం నుంచి. పై అంతస్తులో నీళ్ళ గొట్టం పగిలింది, హాల్లో చీలమండ లోతు నీళ్ళున్నాయి, ఇవాళ తెరవలేం, క్షమించండి అని చెప్పారు. బావ "అయ్యో పాపం" అని పెట్టేశాడు. పెట్టేసీ పెట్టగానే మళ్ళీ మోగింది.

"అమ్మా ఉడుతా, హాలు మూసేశారటగా! నేను రైలు దిగాను. జనం అడుగుతున్నారు, ఎక్కడికి రమ్మనాలి?" అందో ముసలి గొంతు.

బావకు ఎవరు కష్టంలో ఉన్నా జాలి. అయిదారుగురు స్నేహితులు ఎక్కడో కలుసుకోవాలనుకుని ఉంటారని అనుకున్నాడు. "దానికేముందండీ! మా కొత్తిల్లు ఖాళీగానే ఉంది. అక్కడికి వచ్చేయండి. రాసుకోండి అడ్రసు" అన్నాడు.

ఉడుత అద్దం లారీలో పెట్టి వచ్చేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది. "నీ సమస్య చిటికెలో తీర్చేశా" అంటూ జరిగింది చెప్పాడు.

ఉడుత అక్కడే చతికిలబడింది. "బావా, ఎంతమంది వస్తారో తెలుసా? ముప్పయ్యో నలభయ్యో!"

రెండో అరటిపండు తొక్క బావ చేతిలోనే ఉండిపోయింది. "మరి... మీ అక్కకి ఎవరు చెప్తారు?"

"పిలిచింది నువ్వేగా!"

"నేను ఉత్త ఇంటి యజమానిని. అధికారం మీ అక్కది."

పాపం, చెప్పాల్సిన అవసరం రాలేదు. లారీ కొత్త భవనం ముందు ఆగేసరికి వార్త తన కాళ్ళ మీద తనే నడుచుకుంటూ అక్క దగ్గరికి వెళ్ళిపోయింది. ఇల్లు మూడో అంతస్తులో. లిఫ్టు తలుపు మీద "సోమవారం బాగుచేస్తాం" అని కాగితం అంటించి ఉంది. కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా జనం. ఒళ్ళో లాప్‌టాప్‌లు, సంచుల్లో లాప్‌టాప్‌లు, ఒకావిడ ఏకంగా పెద్ద కంప్యూటరు డబ్బాను దుప్పట్లో చుట్టి పసిబిడ్డలా ఎత్తుకుని ఉంది. అందరికీ పైన, తెరిచిన తలుపు ముందు, నడుం మీద చేతులు పెట్టుకుని అక్క.

"ఇది ఇల్లా, బస్టాండా?" అంది అక్క. గొంతు పెద్దగా లేదు. అదే భయం.

ఉడుత మెట్లెక్కుతూనే అంతా చెప్పేసింది. మేళా సంగతి, హాలు సంగతి, ఫోను సంగతి. మధ్యలో బావ తప్పు తనది కాదన్నట్టు రెండుసార్లు దగ్గాడు. అక్క గుమ్మానికి అడ్డు తప్పుకుంది.

"నువ్వు లోపలికి రా, నీతో తర్వాత మాట్లాడతా" అంది.

కింద నుంచి కూలీ ఒకడు కేకేశాడు. "అమ్మా, మెట్ల నిండా ఇట్లా కూచుంటే బీరువా ఎట్లా తేవాలి? ఉన్నది మేమిద్దరమే. మేమేమైనా గాల్లో ఎగరాలా?"

ఆ మాటకు రెండో అంతస్తు మలుపులో ఒక గడ్డం లేచి నిలబడింది. "మిత్రులారా, ఈ గృహస్థుల కష్టం మన కష్టం. మోద్దాం పదండి!" అని, చొక్కా చేతులు మడిచి, కిందికి దిగి, లారీలోంచి దింపిన ఫ్రిజ్ మీదికి విల్లులా వంగాడు.

"ఆగండి! నడుం వంచొద్దు!" అని ఉడుత అరిచింది. అది ఆసుపత్రి గొంతు. మెట్ల మీద ఉన్న వాళ్ళంతా ఉలిక్కిపడి నిటారుగా కూర్చున్నారు. ఆమె గబగబా దిగి వెళ్ళింది. "మోకాళ్ళు వంచండి. బరువు ఒంటికి దగ్గరగా. పాదాలు తిప్పి తిరగాలి, నడుం తిప్పి కాదు. ఇట్లా లేస్తే సోమవారం పొద్దున్నే మీరందరూ నా దగ్గరికే వస్తారు, నాకు ఖాళీ లేదు."

అందరూ నవ్వారు. నవ్వుతూనే నేర్చుకున్నారు. మొదటి విడతలో ఫ్రిజ్, సోఫా కదిలాయి. కాని ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ మలుపుల్లో ఢీకొంటున్నారు. ఒకరి చేతిలో దీపం, ఇంకొకరి చేతిలో లాప్‌టాప్, మధ్యలో ఎవరిదో చెప్పు జారి కిందికి దొర్లుతోంది.

అక్క చూస్తోంది. రోజుకు వేలమందిని వరసలో నిలబెట్టే మనిషి. వరస తప్పిన జనాన్ని చూస్తే ఆమెకు ఒంటి మీద చీమలు పాకినట్టుంటుంది. ఒక్క నిమిషం ఓర్చుకుంది. రెండో నిమిషం ఓర్చుకోలేకపోయింది.

"ఎక్కేవాళ్ళు గోడ వైపు! దిగేవాళ్ళు రెయిలింగు వైపు! ఖాళీ చేతులతో ఎవ్వరూ పైకి రావద్దు. ముందు సామాను, తర్వాతే కంప్యూటర్లు. వయసైన వాళ్ళు దిళ్ళు తెండి. మీరు, ఎర్ర చొక్కా, మలుపులో నిలబడి దారి ఇవ్వండి!"

అంతే, ఆ మెట్ల దారి స్టేషనయిపోయింది. ఎవరూ అడగలేదు ఈవిడెవరని. దుప్పటి బిడ్డను ఎత్తుకున్నావిడ రెండో చంకలో గోడగడియారం పెట్టుకుని వచ్చింది. ఒక టాక్సీ డ్రైవరు పరుపును నెత్తిన పెట్టుకుని, దారి కనబడక, కింది వాళ్ళింటి తలుపు కొట్టాడు. ఆ ఇంటావిడ బయటికొచ్చి సంగతి కనుక్కుని, తన పాత లాప్‌టాప్ కూడా తెచ్చుకుని వరసలో చేరింది. చిట్టచివరికి, బట్టల క్లిప్పులు నిండిన బకెట్టు పట్టుకుని, నీలం టోపీ పెట్టుకున్న పొట్టి మనిషి ఒకాయన ఆయాసపడుతూ వచ్చి ఉడుత ముందు ఆగాడు.

"ఇది ఎక్కడ పెట్టమంటావమ్మా ఉడుతా?"

ఆ గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు. కాని "అమ్మా ఉడుతా" అన్నది నాలుగేళ్ళుగా చదువుతున్న మాట. ఆయన బాగా పొడుగ్గా ఉంటాడని ఎందుకో ఊహించుకుంది. బకెట్టు అందుకోవడం మరిచిపోయి, ఆయన చెయ్యి పట్టుకుని ఊరికే నిలబడిపోయింది.

"మా ఊరి రైల్వే వంతెన మెట్ల కన్నా మీ అక్క మెట్లే ఎక్కువున్నాయి" అన్నాడు పెద్దాయన. రిటైరైన భూగోళం మాస్టారాయన.

ఇక మేళా మొదలైంది. కొత్తింటికి ఇంకా ఇంటర్నెట్ రాలేదు గాని, పెద్దాయన కావలసిందంతా చిన్న పెన్‌డ్రైవుల్లో వేసుకుని సంచి నిండా తెచ్చాడు. కుర్చీలు చాలక అట్టపెట్టెలే బల్లలయ్యాయి. "జాగ్రత్త, గాజు" అని రాసిన పెట్టె మీద మాత్రం ఎవరినీ ఏమీ పెట్టనివ్వకుండా బావ కాపలా కాశాడు. కాపలా కాస్తూ నలుగురి పళ్ళు కూడా చూశాడు. అక్క గదులు పంచేసింది. ముందుగదిలో కొత్తవాళ్ళు. పడగ్గదిలో, ఫైళ్ళు ముందు వేరేచోట దాచుకోవలసిన వాళ్ళు. వంటింట్లో టీ, ఎదురుచూపులు. వాలంటీర్లలో ఎందుకమ్మాయి అనే కాలేజీ పిల్ల ఉంది. ఏం చెప్పినా "ఎందుకు?" అంటుందని ఆ పేరు. ఆ పిల్ల ఒక్కతే, తన ఫోను నెట్టుకు తగిలించి చూస్తూ, పది లాప్‌టాప్‌ల వైఫై సంగతి చూసేసింది. ఉడుత పక్కనుంచి చూసి ఆశ్చర్యపోయింది. తను బస్సులో నిలబడి రాసిన జవాబులన్నీ ఆ పిల్లకు కంఠతా ఉన్నాయి.

అంతా సాఫీగా జరుగుతుండగా పడగ్గదిలోంచి కేక వినిపించింది.

దుప్పటి బిడ్డ తాలూకు ఆవిడ. ఆమె దర్జీ. ఊళ్ళో సగం మంది కొలతలు, డిజైన్ల బొమ్మలు అన్నీ ఆ కంప్యూటరులోనే ఉన్నాయి. వాటిని పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుని, ఇక కొత్తది వేయడమే తరువాయి అనుకుంటుండగా, తెర మీద ఒక వాక్యం వచ్చింది. ఆవిడ చదివి, చటుక్కున ప్లగ్గు పీకేసి, డబ్బాను కావలించుకుని కూర్చుంది.

"ఏమైందండీ?" అని ఉడుత పరుగెత్తింది.

"నాకొద్దు మీ లినక్స్! నా కంప్యూటర్ని చంపుతానంటోంది!"

మళ్ళీ ప్లగ్గు పెట్టించి చూస్తే, తెర మీద తెలుగులో ఇలా ఉంది: "ఈ విభాగమును సర్వనాశనమొనర్చి ముందుకు సాగుదురా?"

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ. గడ్డం ఒక్కడే నవ్వలేదు. "అది నా వాక్యమే" అన్నాడు మెల్లిగా. "రాసేటప్పుడు మనుషులు చదువుతారని తట్టలేదు."

"మీదొక్కరిదే కాదు" అంది ఉడుత. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "నన్ను చదివి పెట్టమన్నారు. నేను చదవకుండానే బాగుందన్నాను. ఆ రోజు పాపకి జ్వరం, మర్నాడు డ్యూటీ... అసలు టైము లేదని చెప్పాల్సింది. సరే అన్నాను."

దర్జీ ఆవిడకు ఇదేమీ పట్టలేదు. "మరి నాశనమవుతుందా, అవదా? అది చెప్పండి."

గడ్డం ఒక మాట చెప్పాడు, పెద్దాయన ఇంకొకటి, ఎందుకమ్మాయి మూడోది. తలుపు దగ్గర టీ ట్రే పట్టుకుని నిలబడిన అక్క వింటూ వింటూ అడ్డుపడింది.

"ఏం పోతుందో చెప్పండి, ఏం పోదో చెప్పండి, వద్దంటే ఏం చేయాలో చెప్పండి. టికెట్ రద్దు చేసేవాళ్ళకి మేం అట్లాగే చెప్తాం. 'ఈ కంప్యూటరులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి. మీరు వేరేచోట దాచుకున్నవి అలాగే ఉంటాయి. కొనసాగించమంటారా, ఆగమంటారా?' అంతేగా? దానికింత రభసా?"

దర్జీ ఆవిడ తల పైకెత్తింది. "అంతేనా? నావి దాచుకున్నానుగా! మరి అలాగే ఏడవొచ్చుగా ఇది! కానీండి, కొనసాగించండి."

గడ్డం అక్కడే నేల మీద కూర్చుని, లాప్‌టాప్ తెరిచి, అక్క చేత ఆ వాక్యం మళ్ళీ చెప్పించుకుని అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాడు. అక్క విసుక్కుంటున్నట్టే చెప్పింది గాని, రెండోసారి చెప్పేటప్పుడు "చెరిగిపోతాయి"కి ముందు "పూర్తిగా" అని చేర్చింది.

కాస్త తీరిక దొరికాక అక్కాచెల్లెళ్ళిద్దరూ వంటింట్లో కప్పులు కడుగుతున్నారు. అక్క ఎప్పుడు తిడుతుందా అని ఉడుత కాచుకుని ఉంది.

"నాకెందుకు చెప్పలేదే?" అంది అక్క.

"చెబితే తిడతావని."

"తిట్టేదాన్నే. తిట్టి, వచ్చేదాన్ని." అక్క కప్పు బోర్లించింది. "నేను ఇల్లు మారడం వచ్చే వారం పెట్టుకున్నా కొంప మునిగేది కాదు. నువ్వు సరే అన్నావు కాబట్టి నీకు వేరే పనేం లేదనుకున్నా. నీ సరేని నమ్మాలా వద్దా ఇప్పుడు?"

ఉడుత కొళాయి కట్టేసి, తడి చేతులతో అక్క భుజం మీద తల ఆనించింది. అక్క "చీరంతా తడిపావు" అంది గాని జరగలేదు.

పొద్దు వాలుతుండగా జనం పల్చబడ్డారు. కూలీలిద్దరూ టీ తాగి, ఇంతమంది సాయమున్న కొంప తామెక్కడా ఎత్తలేదని చెప్పి వెళ్ళారు. వాలంటీర్లు ముందుగదిలో కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. అప్పుడు పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"నాకు కళ్ళు మునుపటిలా లేవు. తెలుగు పని మొత్తం ఎవరికైనా అప్పజెప్పాలనుకుంటున్నాను. మాటలు, వైఫై, కొత్తవాళ్ళు, మేళాలు, అన్నీ. ఉడుత అయితే బాగుంటుంది. ఏమంటావమ్మా?"

అందరూ చప్పట్లు కొట్టబోయారు. "స" అన్న అక్షరం ఉడుత నాలుక చివరి దాకా వచ్చింది. వంటింటి గుమ్మంలో అక్క నిలబడి ఉంది. సైగ చేయలేదు. తుడుస్తున్న కప్పును మాత్రం తుడవడం ఆపింది.

"లేదండీ" అంది ఉడుత. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "మొత్తం నేను చేయలేను. చేస్తానంటే ఇవాళ్టి వాక్యం లాంటివి ఇంకో పది వస్తాయి. నేను మాటలు చూస్తాను, అవి మాత్రం ఒక్కొక్కటీ చదివి చూస్తాను. వైఫై ఈ అమ్మాయికివ్వండి, నాకన్నా బాగా వచ్చు."

"నాకా? ఎందుకు?" అంది ఎందుకమ్మాయి. అందరూ గొల్లుమన్నారు.

పెద్దాయన మొహం మొదట కాస్త చిన్నబోయింది. టోపీ తీసి, బోడితల నిమురుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత నిట్టూర్చి నవ్వాడు. "కాదనడం నాకూ ఎవరూ నేర్పలేదమ్మా. ఇన్నేళ్ళుగా ప్రతి ఆదివారం మా ఆవిడ ఒక్కతే కూరగాయలకి వెళ్తోంది. నువ్వు చెప్పినట్టే పంచుదాం. పంచితే నేను కూడా సంచి మోయొచ్చు."

కొత్తవాళ్ళను గడ్డం చూసుకుంటానన్నాడు. "మామూలు తెలుగులోనే పలకరిస్తాను, ప్రమాణం" అన్నాడు. మేళాల మాట వచ్చేసరికి అందరి చూపూ అక్క వైపు తిరిగింది.

"నా వైపు చూడకండి" అంది అక్క. ఒక్క క్షణం ఆగి, "ఏడాదికి ఒక్కసారి. అదీ నా ఇంట్లో కాదు" అంది.

వెళ్ళే ముందు కృతజ్ఞతగా ఏదైనా చేయాలని, వాలంటీర్లంతా కలిసి మంచం బిగించారు. కంప్యూటరు గుట్టంతా తెలిసిన మనుషులు నలుగురు పలకలు అటూ ఇటూ తిప్పి, వాదించుకుని, ఓటు పెట్టుకుని బిగించాక, చూస్తే మూడు మరలు మిగిలాయి. అవి అదనంగా ఇచ్చినవే అయి ఉంటాయని గడ్డం అభిప్రాయపడ్డాడు. బావ పరీక్ష కోసం దాని మీద పడుకున్నాడు. మంచం పిల్లిలా మూలిగింది. బావ కదలకుండా, కళ్ళు మాత్రం తిప్పుతూ, "నన్నిక్కడే వదిలేయండి, మీరు భోజనం చేయండి" అన్నాడు.

ఆ రాత్రి ఉడుత భర్తకు ఫోను చేసి, మునగలేదని చెప్పింది.

పనులు పంచుకున్నాక అంతా అనుకున్నట్టే జరిగిందని చెప్పలేం. ఎందుకమ్మాయి మొదటి వారంలో ఒకాయన వైఫైని బాగుచేయబోయి ఉన్నది కాస్తా పోగొట్టింది. మర్నాడు తనే కూర్చుని సరిచేసింది. గడ్డం కొత్తగా వచ్చిన వాళ్ళకు "స్వాగతం" అని రాసి, వెంటనే దాన్ని కొట్టేసి "రండి రండి" అని రాస్తున్నాడు. ఉడుత అప్పుడప్పుడూ చేతులు దురదపెట్టి వైఫై ప్రశ్నలోకి తొంగి చూస్తుంది. చాలాసార్లు మూసేస్తుంది. సాయంత్రాలు కూతురితో చదరంగం ఆడుతోంది. ఓడిపోతోంది కూడా.

అక్కకు మాత్రం మాటల పిచ్చి పట్టుకుంది. పంటి నొప్పి తీర్చడానికి వచ్చిన మనిషే ఆ నొప్పి తెచ్చుకున్నట్టు ఉందని బావ అంటాడు. మొన్న ఉడుత ఒక పెద్దమనిషి మోకాలు వంచిస్తుండగా జేబులో ఫోను మోగింది. ఏదో అర్జెంటనుకుని ఎత్తింది.

"ఏమే, 'దయచేసి వేచియుండుడు' ఏమిటే? ఎవరు రాశారు? 'కాస్త ఆగండి' అంటే చాలదూ?"

"అక్కా, డ్యూటీలో ఉన్నా. ఇప్పుడు కుదరదు. సాయంత్రం మాట్లాడతా."

"అబ్బో! నేర్చుకున్నావే!" అని అక్క ఫోను పెట్టేసింది.

మోకాలి పెద్దమనిషి మూలుగు ఆపి, "ఎవరమ్మా, పై అధికారా?" అని అడిగాడు.

"కాదండీ, కొత్తగా చేరిన వాలంటీరు" అంది ఉడుత, ఆయన కాలు మెల్లిగా దించుతూ.